తొలికాపు మర్యాద

మా పెరటి నిమ్మచెట్టు తొలికాపును ఊరి మునసబు నన్నడక్కుండా కోయించి, క్యాంపుకొచ్చిన తాసిల్దారు చేతిలో తన కానుకగా పెట్టాడు. అధికారి వస్తే నిమ్మకాయ చేతికివ్వడం అరవైల్లో మర్యాద.

మా సముద్రపు ఒడ్డున ఉప్పునేల మీద గడ్డి కూడా ఆలోచించి మొలుస్తుంది. ఊరవతలి బావి నుంచి మంచినీళ్లు కావడితో మోసి ఆ మొక్కను బతికించాను. పూత వాసనకే మా అమ్మ ఊరగాయ జాడీ కడిగి ఎండబెట్టింది. కాయలు ప్రభుత్వ సేవకు పోయాయి, మాకు ముళ్లు దక్కాయి.

అడిగినప్పుడల్లా నవ్వి తప్పించుకున్న మునసబు, ఒకనాడు మా అరుగు మీదే, మా నిమ్మాకు నలిపి వేసిన మజ్జిగ తాగుతూ దొరికాడు.

“ఏమన్నా, కోసే ముందు ఒక మాటైనా అడగొద్దా?” అన్నాను.

“నువ్విచ్చుంటే అది ఒట్టి నిమ్మకాయ గదబ్బయా. నేనిచ్చినాను గాబట్టే మర్యాదయింది.”