మా బావ ఎత్తిచ్చిన దూలం

మా బావకు నోరు తప్ప పెయ్యిల ఇంకేం పనిచెయ్యదు. అక్క మొగడని ఊకున్నం గని, లేకుంటే ఆయన మొకం ఎవరు చూసేటోళ్లు? జనగామల బట్టల దుకాణంల గుమస్తా. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్నప్పుడు దుకాణం సగం దినాలు బందే. ఈయన ఉద్యమపోళ్ల దీక్ష టెంట్ల మైకు పట్టి నాయకుడైండు.

అప్పుడు మేము ఘనపూర్ కాడ ఇల్లు కట్టుకుంటున్నం. మేస్త్రీ లేడు. నాయిన, నేను, నా మొగడు, గంతే. మట్టిగోడలు లేసినయ్. నడిమి దూలం ఎక్కితేనే పైన పెంకలు పడతయ్, లేకుంటే మొదటి వానకే గోడలు కరుగుతయ్. నాయినకు గదే రంది.

దూలం లేపుడుకు నాయినదొక పద్ధతి ఉండె. ఒక కొస జానెడు లేపి కింద చెక్క దిమ్మె పెట్టాలె. మల్ల రెండో కొస. మాట్లాడేది ఒక్కరే, మిగిలినోళ్లు నోరు మూసుకోవాలె. గిట్ల మెల్లమెల్లగ గోడ మీదికి ఎక్కియ్యాలె.

బందు నాడు బావ దిగిండు, టెంటు దోస్తులను ఎంటేసుకొని. తెల్ల అంగీలు, మెడల కండువలు. నాయిన దిమ్మెలు పెట్టుడు చూసి పండ్లికిలించిండు.

"గిట్లయితే తెలంగాణ వచ్చినంక లేస్తది మామా నీ దూలం. జర జరుగు, మావోళ్లు ఒక్క ఊపుల లేపుతరు."

ఇంటికొచ్చిన అల్లుని మాట తీసేస్తే బిడ్డ చిన్నబోతదని నాయిన పక్కకు జరిగిండు. నాకు ఒళ్లు మండింది.

భుజాల మీదికి బాగనే ఎత్తిండ్రు, అబద్ధమెందుకు. నాయిన వంగి కొస కింద దిమ్మె సర్దుతుండు. గప్పుడే మా నాయకునికి హుషారెక్కింది. ఊపు రావాలెనని "జై" అని ఒర్లిండు. నెలల సంది టెంట్ల అలవాటైన చేతులాయె. "తెలంగాణ" అనుకుంట అందరి పిడికిళ్లు మీదికి లేసినయ్. దూలం భుజాల మీదికెళ్లి జారి నాయిన కాలు మీద పడ్డది.

బందు నాడు బండ్లు యాడియి? మంచంల ఏసుకొని దవాఖానకు మోసినం. బావ మొయ్యలే. ముందట నడుసుకుంట దారియ్యుండ్రని కేకలేసిండు. వారం తిరగకముందే టెంట్ల "మా మామ ఉద్యమానికి కాలు ఇచ్చిండు" అని చెప్పి చప్పట్లు కొట్టిచ్చుకున్నడట. థూ, గదీ బతుకేనా. దూలాన్ని తర్వాత మేమిద్దరం ఊరోళ్లను పిలుసుకొని, నాయిన మంచంల పండి చెప్తుంటే, దిమ్మెల మీదనే ఎక్కిచ్చినం.

తెలంగాణ వచ్చిన నాడు బావ మిఠాయి డబ్బతోని వచ్చిండు. గడపలనే పిడికిలి లేపి "జై తెలంగాణ మామా" అన్నడు. నాయిన గా దూలం కిందనే నిలవడి ఉన్నడు. తెలంగాణ అంటే ఆయనకు పాణం. "జై తెలంగాణ" అనుకుంట కండ్లనీళ్లు పెట్టుకున్నడు. చెయ్యి మాత్రం లేపలే.

"ఏంది మామా, ఇయ్యాల గూడ చెయ్యి లేపవా?" అన్నడు బావ.

"కర్ర ఇడిస్తే పడ్త బిడ్డా" అన్నడు నాయిన.