బిగువు తెలియని బొటనవేలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా కన్నబిడ్డను నేను చేత్తో ముట్టుకోకుండా ఒక వేసవంతా గడిపాను. ఒకే ఇంట్లో ఉండి, అది "అమ్మా" అని చేతులు చాపితే వెనక్కి జరిగాను. ఆ చీకటిలోనుంచి దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో మన సంఘ పత్రికలో రాయమని పాస్టరయ్యగారు అడిగినప్పుడు, రాస్తే ఊరంతా తెలిసిపోతుందే అని మొదట తప్పించుకున్నాను, ఆ తరువాత తెలియనీ, తెలిస్తేనే కదా నాలాగా దాచుకుంటున్న ఇంకొకరికి ధైర్యం వస్తుంది అనిపించి కూర్చున్నాను. నాకు రాయడం చేతకాదు, మాట్లాడటం మాత్రం బాగా వచ్చు, ఓపిగ్గా చదవండి.

నా పేరు సలోమి. పుట్టిల్లు టేకల్, మెట్టినిల్లు ఆండర్సన్‌పేట. మా మామగారు ఇక్కడి బంగారు గనిలో పనిచేసిన మనిషి, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని, గనులు మూతపడిన కొన్నాళ్ళకే పోయారట, ఆయనను నేను చూడలేదు. ఇంట్లో నేను, మా అత్త కరుణమ్మ, నా భర్త జాన్సన్, మూడేళ్ళ మా పాప కెజియా. జాన్సన్ ఇక్కడి చాలామంది మగవాళ్ళలాగే తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి దీపాలు పెట్టాక తిరిగొస్తాడు, కాబట్టి ఇల్లంటే నాకు మా అత్తే. ఆమె నోరు పెద్దది, నాదీ చిన్నదేమీ కాదు.

ఆండర్సన్‌పేట దాటాక ఒక రేకుల షెడ్డులో నాకు పని. అక్కడ తయారయ్యేవి రైఫిల్ మ్యాగజైన్లకు వేసే కప్లర్లు. తుపాకీ పేరెత్తగానే సంఘంలో కొందరు ఆడవాళ్ళు ప్రార్థన చేసే చేతులతో ఇదేం పనమ్మా అని ఎగతాళి చేసేవారు, అందుకని వివరంగానే చెబుతాను. తూటాలు నింపి రైఫిల్‌కు తగిలించే డబ్బాను మ్యాగజైన్ అంటారు. ఒకటి ఖాళీ కాగానే జవాను నడుముకున్న సంచిలో చేయి పెట్టి ఇంకొకటి వెతుక్కోవాలి, ఆ వెతుక్కునే క్షణంలోనే ప్రాణం పోవచ్చు. అలా కాకుండా రెండు మ్యాగజైన్లను పక్కపక్కన పెట్టి ఒక బిగింపుతో కలిపేస్తే, ఖాళీ అయినదాన్ని లాగి, కాస్త పక్కకు జరిపి, నిండినదాన్ని వెంటనే ఎక్కించుకోవచ్చు. ఆ బిగింపే కప్లర్. చూడటానికి స్క్రూలు పెట్టిన చిన్న ముక్క, కానీ దానికి జత కుదరాలి. ఇనుప మ్యాగజైన్ సన్నగా ఉంటుంది, ప్లాస్టిక్‌ది లావుగా ఉంటుంది, ఒకదానికి చేసిన కప్లర్ ఇంకొకదానికి ఎక్కదు, ఎక్కినా నిలవదు. మధ్యలో సందు తక్కువైతే పక్క మ్యాగజైన్ తుపాకీకి తగులుకుంటుంది, బిగువు తక్కువైతే అది వాలిపోయి సరిగ్గా అవసరమైనప్పుడు లోపలికి పోదు.

నా పని ఆ జత చూడటమే. బల్లమీద రెండు రకాల ఖాళీ మ్యాగజైన్లు ఉంటాయి. వాటికి కప్లర్ బిగించి, ఒకదాన్ని ఎడమ చేత్తో పట్టుకొని, రెండోదాన్ని కుడి బొటనవేలితో నొక్కాలి. వెంట్రుకంత కదిలినా ఆ కప్లర్ ఎర్ర డబ్బాలోకి పోవాలి. ఆ కదలిక కంటికి కనిపించదు, వేలికే తెలుస్తుంది. బూదికోటనుంచి వచ్చే మా సూపర్‌వైజర్ మునిరాజన్న నాకు నేర్పినప్పుడు కళ్ళు మూసుకొని నొక్కమన్నాడు. ఎలాగూ కళ్ళు మూసుకుంటున్నాను కదా అని నేను లోపల చిన్న ప్రార్థన కూడా చేసేదాన్ని: "ప్రభువా, ఇది ఏ తల్లి బిడ్డ చేతికి పోతుందో నాకు తెలియదు, వాణ్ణి కాపాడు, వాడికి దీని అవసరమే రానీయకు." ఎగతాళి చేసినవాళ్ళకు అప్పుడు ఈ సంగతి చెప్పలేదు, ఇప్పుడు చదువుకుంటారు.

ఆ రోజుల్లోనే నా కుడి ముంజేతిమీద పాలిపోయిన మచ్చ ఒకటి వచ్చింది. నొప్పి లేదు, దురద లేదు. మన ఊళ్ళో ఇలాంటివాటికి ఒకటే సమాధానం కదా, బంగారం తీశాక మిగిలితే గనుల పక్కన గుట్టలుగా పోసిన సైనైడ్ మట్టి. గాలి లేచిందంటే ఆ దుమ్ము అన్నం గిన్నెలోకి కూడా వస్తుంది, అందుకని మనకు దగ్గొచ్చినా, జుట్టు రాలినా, ఒంటిమీద ఏం లేచినా నింద దానిమీదే వేస్తాం. మా అత్త కూడా నా చేయి అటూ ఇటూ తిప్పి, "సైనైడ్ దుమ్ము పడిండాది లేమ్మే, కొబ్బరినూనె పూస్తే పోతాది" అంది, రోజూ తానే పూసింది. మచ్చ పోలేదు, పెరిగింది. బొటనవేలు మొద్దుబారినట్టు అనిపిస్తే స్క్రూలు తిప్పి తిప్పి అలసిపోయిందనుకున్నాను.

ఒకరోజు మేము పంపిన సరుకులో ఒక పెట్టె, కప్లర్లు వదులుగా ఉన్నాయని తిరిగొచ్చింది. ఎవరు చూసిన పెట్టెమీద వాళ్ళ గుర్తు ఉంటుంది, అది నా పెట్టె. మునిరాజన్న అరవలేదు. అందులోనుంచి ఒకటి తీసి బిగించి నా చేతికిచ్చాడు, నొక్కి చూశాను.

"గట్టిగానే ఉండాది కదన్నా," అన్నాను.

"ఆడతా ఉండాది తల్లీ, సరిగ్గా చూడు," అన్నాడు.

ఇంకొకటి బిగించి ఇచ్చాడు. అదీ నాకు అలాగే ఉంది. మొదటిది వదులు, రెండోది బిగువు అని ఆయన చెబితేగాని నాకు తెలియలేదు. ఇంతలో మ్యాగజైన్‌మీద రక్తం కనిపించింది. ఎవరిదా అని నేనే చుట్టూ చూశాను. కప్లర్ అంచు గీసుకొని నా బొటనవేలే తెగి కారుతూ ఉంది.

ఆయన గుడ్డ చుట్టబోతూ నా ముంజేతిమీద మచ్చను చూశాడు. అందరూ టీకి లేచిపోయాక నాకు మాత్రమే వినబడేట్టు చెప్పాడు: "ఇది సైనైడ్ కాదమ్మా. మా చిన్నాయనకు ఇట్లే వచ్చింది, మచ్చమీద సూది గుచ్చినా తెలిసేది లేదు. కుష్టు అనిపిస్తాది నాకు. ఇప్పుడు మందు ఉండాది, మా చిన్నాయన బాగయి సేద్యం చేసినాడు. నువ్వు పెద్దాసుపత్రికి పో. నీ పని యాడికీ పోదు."

ఆయన మందు గురించి చెప్పాడు, చిన్నాయన బాగుపడిన సంగతి చెప్పాడు, నా చెవిలోకి మాత్రం ఆ జబ్బు పేరు ఒక్కటే దూరింది. నా చిన్నప్పుడు టేకల్‌లో ఆ జబ్బు వచ్చిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన కంచం బయట గోడకు వేలాడేది, ఆయన పిల్లలు వీధికి అవతల నిలబడి ఆయనతో మాట్లాడేవారు. మా అత్తకు తెలిస్తే నన్ను పుట్టింటికి పంపేసి బిడ్డను తన దగ్గరే పెట్టుకుంటుందని నాకు గట్టిగా అనిపించింది. అంతే, ఆసుపత్రికి పోలేదు. నా చేయి పోతే పోనీ, బిడ్డకు మాత్రం అంటకూడదని దాన్ని దూరం పెట్టాను. షెడ్డులో ఆయిల్ నా చేతులకు పడటం లేదని, అది బిడ్డకు అంటుకుంటుందని ఇంట్లో అబద్ధం చెప్పి, దానికి స్నానం, జడ, అన్నం అన్నీ అత్తకు అప్పగించి, పక్క కూడా ఆమె దగ్గరే వేయించాను. ఎందుకో దానికి తెలియదు కదా, తానేదో అల్లరి చేసిందనుకుంది. "అమ్మా, నేను ఇంగ మంచిగా ఉంటా, ఎత్తుకో" అని నా కొంగు పట్టుకునేది.

సంఘంలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం అందరం ఒకే గిన్నెలో తాగుతాం కాబట్టి దానికి కూడా వెళ్ళడం మానేశాను. స్నానాలగదిలో కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడుస్తూ ప్రార్థన చేసేదాన్ని: "ప్రభువా, చేయి కావాలంటే తీసుకో, బిడ్డను మాత్రం నా దగ్గరనుంచి తీయకు." మునిరాజన్న నన్ను ప్యాకింగ్‌కు మార్చి, సాయంత్రమైతే "పోయినావా అమ్మా?" అని అడిగేవాడు, నేను "పోతానన్నా" అని తప్పుకునేదాన్ని.

ఒక ఆదివారం ఆరాధననుంచి ఇంటికి రాగానే మా అత్త తలుపు వేసి నా ఎదురుగా నిలబడింది. "ఏమ్మే, బల్ల తీసుకోవు, బిడ్డను ఎత్తుకోవు. ఏం దాస్తా ఉండావు?" అని నిలదీసింది. ఇంక దాచడానికి నాలో బలం లేదు, మొత్తం చెప్పేశాను. ఆమె నేరుగా వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెల చప్పుడు వినబడుతూ ఉంటే, నా కంచం వేరుగా తీసి పెడుతోందనుకొని నేను గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను.

ఆమె ఒక్క లోటాలో కాఫీ కలుపుకొని వచ్చి నా పక్కన కూర్చుంది. సగం తాను తాగి, అదే లోటా నా చేతిలో పెట్టింది.

"తాగు. మీ మామకు దగ్గొచ్చినప్పుడు టీబీ అని అందరూ లోటా వేరే పెట్టమన్నారు. నేను ఆయన తాగిన లోటాలోనే తాగినాను. చచ్చినానా? నిన్ను యాడికి పంపేదే, పిచ్చిదానా," అంది.

తరువాత మచ్చ ఉన్న నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని చెంపకు ఆనించుకుంది. ఎన్ని నెలలయిందో నన్ను ఎవరైనా అలా ముట్టుకొని. ఆమె చేసిన ప్రార్థన నాకు మాటకు మాట గుర్తుంది: "యేసయ్యా, సైనైడ్ అని నూనె పూసి పొద్దు పోగొట్టింది నేనే. ఇది తెలీక భయపడిండాది. దీని చెయ్యి దీనికియ్యి నాయనా. దీని బిడ్డను దీని ఒళ్ళో పెట్టు. రేపు మాకంటే ముందు నువ్వు ఆసుపత్రికి పో." సహోదరులారా, నా జబ్బు ఆ రోజు పోలేదు, నా భయం మాత్రం ఆ రోజే పోయింది.

మరునాడు జాన్సన్ పనికి సెలవు పెట్టి పాపను ఎత్తుకున్నాడు, అందరం కలిసి వెళ్ళాం. డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమని, దూదితో తాకినప్పుడల్లా చెప్పమంది. నేను చాలాసేపు ఎదురుచూసి, ఇంకా తాకలేదేంటమ్మా అని అడిగాను. అప్పటికే మచ్చమీద, వేలిమీద ఎన్నోసార్లు తాకిందట. మునిరాజన్న చెప్పిన జబ్బే. "భయపడబేడి అమ్మా," భయపడొద్దు అని ఆమె కన్నడలో మెల్లగా చెప్పింది. మందులు ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారని, మానకుండా నెలలపాటు మింగాలని, మందు మొదలయ్యాక నానుంచి ఎవరికీ అంటదని, బిడ్డను నిశ్చింతగా ఎత్తుకోవచ్చని చెప్పింది. ఇంట్లో అందరినీ పరీక్ష చేసింది, ఎవరికీ ఏమీ లేదు. అక్కడే వరండాలో మొదటి మాత్రలు మింగి పాపకు చేతులు చాపాను. అది వెంటనే రాలేదు. నన్ను నమ్మలేక వాళ్ళ అవ్వ ముఖం చూసింది, అవ్వ తల ఊపాక వచ్చి నా మెడకు కరుచుకుంది. ఇంటిదాకా దించనివ్వలేదు.

మందులకు నా ఒళ్ళు నల్లబడింది. వీధిలో అడిగినవాళ్ళకు మా అత్త "నా కోడలి రంగుతో మీకేం పని" అని నోరు మూయించేది. సంఘంలో పాస్టరయ్యగారికి అన్నీ చెప్పి ప్రభువు బల్లకు వెళ్ళాను. నా తరువాత గిన్నె అందుకున్నది మా అత్త, ఆమె తరువాత వరుసలో ఎవరూ లేచిపోలేదు. ఆ రోజు మీరంతా నాకు చేసిన మేలు మీకు తెలుసో లేదో, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మందు ముగిసే రోజుల్లో మునిరాజన్న నన్ను పాత బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఎన్నో రోజులు ఏమీ తెలియలేదు. ఒక ఉదయం కళ్ళు మూసుకొని నొక్కుతుంటే బొటనవేలి కింద మ్యాగజైన్ కొంచెం కదిలినట్టయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ కదిలింది. "అన్నా, ఇది వదులుగా ఉండాది," అన్నాను. ఆయన వచ్చి నొక్కి చూసి, "వదులే తల్లీ," అన్నాడు. దాన్ని ఎర్ర డబ్బాలో వేసి, బల్లమీద తల పెట్టుకొని దేవుణ్ణి స్తుతిస్తూ ఏడ్చాను. పనికిరాని కప్లర్ దొరికిందని అంత సంతోషించిన మనిషి ఆ షెడ్డులో ఇంకొకరు ఉండరు.

అబద్ధం ఎందుకు, చూపుడువేలి కొనకు ఇంకా స్పర్శ పూర్తిగా రాలేదు, పొయ్యి దగ్గర జాగ్రత్తగా ఉంటాను. మందు బాగు చేసిందా, ప్రార్థన బాగు చేసిందా అని కొందరు అడుగుతారు. మందు ఆసుపత్రిలో ఎప్పటినుంచో ఉంది, అక్కడిదాకా నడవడానికి కాళ్ళలో బలం నాకు ప్రార్థనలో వచ్చింది. ఈ రెండిటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు, మహిమ మాత్రం దేవునికే.

ప్రియులారా, మీలో ఎవరికైనా ముట్టుకుంటే తెలియని మచ్చ ఉంటే దాన్ని సైనైడ్‌మీదికి నెట్టి కొంగు కింద దాచుకోకండి. మీరు దాచినది ప్రభువుకు తెలుసు, తెలిసీ ఆయన మీనుంచి దూరం జరగలేదు. ఆయనను నమ్మి ఆసుపత్రికి వెళ్ళండి. ఒంటరిగా పోవడానికి భయమైతే మా ఇంటికి రండి, నేను వెంట వస్తాను. డాక్టరమ్మ పిలిచేదాకా బెంచీమీద కూర్చొని ఇద్దరం ప్రార్థన చేసుకుందాం. అంతసేపూ మీ చేయి నా చేతిలోనే ఉంటుంది, మచ్చ ఉన్న చేయే ఇవ్వండి.