చల్లార్చిన చాయ్, రోజుకొక గోళీ

మంగళవారం పొద్దున ఆరున్నరకు మా చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, బాపు లేస్తలేడు" అంది. ఒక్క క్షణం ఆగి, "బాపు పోయిండన్నా" అంది. నేను "సరే" అన్నాను. తండ్రి పోయాడని చెప్పిన ఆడపిల్లతో ఎవరైనా సరే అంటారా? నా నోట్లోంచి వచ్చింది అదే. ఫోన్ పెట్టేసి పొయ్యి మీద పాలు పొంగకుండా చూశాను. ఆఫీసుకు రావడం లేదని మెసేజ్ పెట్టాను. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. చావింటికి ఇస్త్రీ చొక్కా ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

పోయినాయన ఆ చెల్లె తండ్రి, మా నాన్న తమ్ముడు. మేం కాక అని పిలుస్తాం. గుజరాతీవాళ్లు కూడా బాబాయిని కాకా అనే అంటారు కాబట్టి సూరత్‌లో, డిండోలిలో మా గల్లీ మొత్తానికి ఆయన కాకే. ముప్పై ఏళ్లకు పైగా ఉధ్నా షెడ్డుల్లో పవర్‌లూమ్ మగ్గాలు నడిపాడు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

నన్ను చదివేవాళ్లకు నా కోపం సంగతి తెలుసు. "ఈయనకు ఏదీ నచ్చదు" అని ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. నిజమే, చాలా నచ్చవు. ఈ చావు మీద కూడా కోపం వస్తుందని మూడు రోజులు ఎదురుచూశాను. రాలేదు. పళ్లు పీకే ముందు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. అందుకే ఇందులో ఎక్కడైనా గొంతు పెరిగితే అది పాత అలవాటే తప్ప మరేం కాదు.

కాకకు వేడి పడదు. ఒళ్లు కాస్త వేడెక్కినా, చెమట పట్టినా, నాలుగైదు నిమిషాల్లో చెవి కింద, మెడ వెనక చిన్న చిన్న ఎర్రటి దద్దులు లేచేవి. అక్కడి నుంచి భుజాలకు, వీపుకు, ఛాతీకి పాకేవి. దురద కూడా కాదు, "సూదులు గుచ్చినట్టుంటది కొడుకా" అనేవాడు. గంట సేపు చల్లగా ఉంటే ఏమీ జరగనట్టు మాయమయ్యేవి. ఎండలో నడిచినా, మెట్లెక్కినా, పచ్చిమిరపకాయ కొరికినా వచ్చేవి. కోపం తెచ్చుకున్నా వచ్చేవి. అలాంటి మనిషికి దొరికిన పని ఏది? సూరత్ మగ్గాల షెడ్డు.

షెడ్డు లోపలికి వెళ్లనివాళ్ల కోసం ఒక మాట. అక్కడ కిటికీలు మూసి ఉంటాయి. ఫ్యాను ఉండదు. గాలి తగిలితే పోగు ఎగురుతుంది, ఎగిరితే తెగుతుంది, తెగితే మగ్గం ఆగుతుంది. పైన రేకులు, కింద మోటార్లు, మధ్యలో పన్నెండు గంటలు నిలబడే మనిషి. "పోగుకు గాలి పడదు, మనిషికి వేడి పడదు. మరి ఇద్దరిలో ఎవరి మాట వినాలి?" అని నేను అడిగేవాణ్ణి. కాక నవ్వేవాడు. "పోగు మాటనే. పోగు అన్నం పెడ్తది. మనిషేం పెడ్తడు, తిడ్తడు." పోగుకు తగలకుండా రేకుల దగ్గర వేడిగాలి లాగే ఫ్యాన్లు పెట్టొచ్చు, రేకుల మీద నీళ్లు చల్లొచ్చు. ఇదేం గొప్ప విజ్ఞానం కాదు. కానీ ఎవరూ పెట్టలేదు.

మొదట్లో ఎవరో అమ్మవారు పోసిందన్నారు. వేపాకు రాసుకున్నాడు, బెల్లం మానేశాడు. తర్వాత మందుల షాపులో అడిగితే ఒక పాత రకం ఎలర్జీ గోళీ ఇచ్చారు. దద్దులు తగ్గాయి కానీ నిద్ర ముంచుకొచ్చింది. మగ్గం ముందు నిలబడే కునికాడు. అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పోగు అయిపోయినా తెలియలేదు, గజం గుడ్డ పాడయింది. షెడ్డు మాస్టరు అరిచాడు: "క్యా చాచా, పీ కే ఆయే హో?" చుక్క ముట్టని మనిషిని తాగొచ్చావా అన్నాడు. ఆ రోజు కాక మెడ నిండా దద్దులే అని ఆయన భార్య, మా చిన్నమ్మ చెప్పింది.

చివరికి నేనే ఉధ్నాలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె కాకను ఆస్పత్రి మెట్లు నాలుగుసార్లు ఎక్కించి దించింది. "నేను రోగానికొచ్చిన్నా, పోలీసు కొలువుకొచ్చిన్నా?" అని కాక గొణిగాడు. దద్దులు లేచాయి. ఆమె చూసి, ఇది అంటురోగం కాదు, ఒళ్లు వేడెక్కితే చర్మం చేసే గొడవ, పూర్తిగా ఎప్పుడు పోతుందో చెప్పలేను కానీ అదుపులో పెట్టొచ్చు అంది. నిద్ర అంతగా పట్టని కొత్త రకం గోళీ రాసింది. ఒక్క మాట మాత్రం రెండుసార్లు చెప్పింది. దద్దులు లేచాక వేసుకునేది కాదు, లేవకముందే రోజూ వేసుకునేది.

మనవాళ్లకు ఎక్కని మాట అదే. తలనొప్పి వస్తే గోళీ, పోతే మానేయడం. కాక కూడా మొదట అదే చేశాడు, రెండుసార్లు షెడ్డులో ఇబ్బంది పడ్డాడు. తర్వాత తలుపు పక్కన మేకుకు, తాళంచెవి పక్కనే, గోళీల పట్టీని దారంతో వేలాడదీశాడు. తాళం తీసేవాడికి గోళీ కనబడక తప్పదు. గోళీ వేసుకుని, గ్లాసులో చాయ్ పోయించుకుని, మీగడ కట్టేదాకా దాని వంక చూస్తూ కూర్చునేవాడు. పూర్తిగా చల్లారాక ఒక్క గుక్కలో తాగేవాడు. మెడ మీద తడి తువాల వేసుకుని, చెమట పట్టకుండా, పెళ్లి ఊరేగింపులో పెద్దమనిషిలా నెమ్మదిగా నడిచి షెడ్డుకు వెళ్లేవాడు. స్నానం జనవరిలో కూడా చన్నీళ్లే. షెడ్డులో అప్పుడప్పుడు నాలుగు దద్దులు లేచినా చొక్కా గుండీ పెట్టుకుంటే కనబడేవి కావు. ఆయనకు అప్పగించిన ఆరు మగ్గాలూ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆయనకు కావలసింది అదే. ఆ మగ్గాల దగ్గర నుంచి ఎవరూ తనను పక్కకు జరపకూడదు.

మా నాన్న తొందరగా పోతే నన్ను షెడ్డుకు రానీయకుండా బడికి పంపింది ఈయనే. "నీకు కోపమెక్కువ. పోగు తెంపుతవ్. కలం పట్టు, అది తెగది" అన్నాడు. నేను ఉద్యోగంలో చేరి రాయడం మొదలుపెట్టాక ప్రతిదీ చదివించుకుని వినేవాడు. ఒకసారి అన్నాడు: "నాకు కోపమొస్తే ఒంటి మీద లేస్తది, నీకు కాయితం మీద లేస్తది. జర నా వంతు గూడ నువ్వే చెయ్యి కొడుకా." ఆ మాట నేను అధికారపత్రంలా జేబులో పెట్టుకు తిరిగాను. తప్పు అక్కడే మొదలైంది.

నాలుగేళ్ల కిందట వేసవిలో షెడ్డుల వేడి మీద ఒక కరపత్రం రాశాను. ఒకవైపు తెలుగు, ఒకవైపు హిందీ. బాగా రాశాను, అదే నా బాధ. పేరు రాయలేదు. కానీ "చొక్కా విప్పితే ఒళ్లంతా నిప్పురవ్వలు పడ్డట్టున్న ఒక తెలంగాణ నేతగాడు, చాయ్ కూడా చల్లార్చుకుని తాగవలసి వచ్చిన మనిషి" అని రాశాను. ఆ చాయ్ వాక్యం తట్టినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను. ఉధ్నాలో చల్లార్చిన చాయ్ తాగే నేతగాడు ఒక్కడే ఉన్నాడని నాకు తట్టలేదు.

ఇంకోటి కూడా చేశాను. అది తెలిసే చేశాను. గోళీ సంగతి రాయలేదు. రోజుకొక చిన్న గోళీతో ఆయన ఆరు మగ్గాలూ నడుపుతున్నాడని రాస్తే, షెడ్డు యజమాని సేఠ్ మీద నా వాదన పలచబడుతుందనుకున్నాను. "మందుంది కదా, వేసుకోండి" అని చేతులు దులుపుకుంటారనుకున్నాను. అందుకని రోగం రాసి మందు వదిలేశాను.

వారం తిరక్కుండా, అంటుకుంటుందని, షెడ్డులో కాక నీళ్లు తాగే గ్లాసు వేరే పెట్టారు. పక్క మగ్గం మనిషి ఎడంగా నిలబడ్డాడు. మాస్టరు పిలిచి, సేఠ్‌కు ఎవరో చదివి వినిపించారు, మగ్గాలు ఇంకొకరికి ఇమ్మన్నాడు అని చెప్పాడు. కరపత్రం చదివి సేఠ్ చేసిన ఏకైక పని అది. ఫ్యాను పెట్టలేదు, మనిషిని తీసేశాడు. డాక్టరమ్మ రాసిచ్చిన కాయితం కాక తీసుకెళ్తే ఎవరూ విప్పి చూడలేదు. మగ్గం దిగిన గుడ్డను మడతపెట్టి కట్టలు కట్టే గదిలో వేశారు. ముప్పై ఏళ్ల నేతగాడికి మడత పని.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. నా భార్య చాయ్ తెస్తే చల్లారనిమ్మన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"నువ్వు రాసింది నిజమే కొడుకా. అబద్ధమేం లేదు."

"కాకా, ఇంకోటి రాస్తా. మగ్గాలు తిరిగి ఇచ్చేదాకా..."

"వద్దు. నీకు దండం పెడ్తగని ఇంకోటి రాయకు. నా ఒళ్లు రాసేటప్పుడు నన్నొక మాట అడగొద్దా? అడగకపోతివి, సరే. కని గోళీ ఎందుకు రాయలే? అది రాస్తే గిట్ల ఒక్కడన్న భయపడునా?"

నా దగ్గర జవాబుంది. కార్మికుల పోరాటం గురించి, పెద్ద ప్రయోజనం గురించి అరగంట చెప్పగలను. నోరు తెరిచాను. అప్పుడు చూశాను. తువాల జారి, మెడ మీద దద్దులు లేస్తున్నాయి. చెవి కింద మొదలై కాలరులోకి, ఒక్కొక్కటే. గొంతు పెరగలేదు, కళ్లెర్రబడలేదు. పొద్దున గోళీ వేసుకున్న మనిషి, సాయంత్రం, నా ఇంట్లో ఫ్యాను కింద. నోరు మూసుకున్నాను. చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

మడత గదిలో, ఊరి అవతలి వైపు కోసాడ్ క్వార్టర్ల నుంచి వచ్చే ఒడియా మనిషి ఒకతను గోక్కుంటూ కనిపిస్తే, కాక అతణ్ణి వెంటబెట్టుకుని అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడట. నాకిది చావింట్లో తెలిసింది. అతనే చెప్పాడు, జేబులోని గోళీల పట్టీ తీసి చూపిస్తూ. నా వెయ్యి కరపత్రాలు చేయని పని కాక ఒక సెలవు పూట నడిచి చేశాడు. ఇక్కడ నాకు సిగ్గు రావాలి. వచ్చినట్టే ఉంది, దూరంగా.

తర్వాత కూడా మాట్లాడుకున్నాం. రాకపోకలు ఆగలేదు. పోయిన చలికాలం ఇంటి ముందు కూర్చుని ఉన్నప్పుడు ఉన్నట్టుండి అన్నాడు: "నా మీద రాస్తలేవా ఇప్పుడు?"

"నువ్వు వద్దంటివి గద కాకా."

"నేను పోయినంక రాయి. చాయ్ సంగతి గూడ రాసుకో, బాగుంది అది. గోళీ మాత్రం ఇడ్సిపెట్టకు. డాక్టరును అడిగి వేసుకోమను, రోజూ వేసుకోమను, అంటుకునేది కాదని రాయి." నవ్వాడు. నేను మెడ వైపు చూశాను. తడి తువాల కప్పి ఉంది. ఏమీ కనబడలేదు.

కాబట్టి రాస్తున్నాను. గోళీ ఉంది. అది ఒక మనిషిని ఏళ్ల తరబడి ఆ వేడిలో నిలబెట్టింది. వేడి కూడా ఉంది. ఆ రెండూ నిజమే. ఒకటి రాస్తే రెండోది అబద్ధం కాదని నాకు అప్పుడు తెలియలేదు.

మంగళవారం నేను వెళ్లేసరికి గల్లీలో జనం ఉన్నారు. మేకుకు పట్టీ వేలాడుతోంది, సోమవారం దాకా గోళీలు తీసి ఉన్నాయి. చుట్టాల్లో ఒకాయన "ఏండ్లకేండ్లు గా గోళీలు మింగితే గుండె ఆగదా?" అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే అతణ్ణి సాయంత్రం దాకా వదిలేవాణ్ణి కాను. "దానికీ దీనికీ సంబంధం లేదు, డాక్టరును అడిగాను" అన్నాను. అంతే అన్నాను.

స్నానానికి ఇంటి ముందు మూడు ఇటుకలు పెట్టి నీళ్లు కాచారు. పోయినవాళ్లకు వేడినీళ్లు పోయడం మా ఆనవాయితీ. గంగాళం దించుతుంటే చిన్నమ్మ లోపలి నుంచి వచ్చింది.

"గంత వేడి పోయకుండ్రి. ఆయనకు పడది."

ఒక ముసలామె మెల్లగా, "ఇంకేం పడకపోవుడు బిడ్డా? ఇప్పుడన్నీ పడ్తయ్" అంది. చిన్నమ్మ వినలేదు. నల్లా దగ్గరికి వెళ్లి బకెట్ నింపుకొచ్చి గంగాళంలో పోసింది. మోచెయ్యి ముంచి చూసింది. లోపలికి వెళ్లిపోయింది. ఆచారాల మీద పుస్తకాలు రాసినవాణ్ణి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచాను.

నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. కాకను పక్కకు తిప్పి నేను భుజం పట్టుకున్నాను. మొదటి చెంబు మెడ మీద పోశారు. ఆవిరి లేచింది. నీళ్లు వీపు మీది నుంచి జారి మోరీలోకి పోతున్నాయి. దద్దులు చెవి కింది నుంచి మొదలవుతాయి, నాకు తెలుసు. రెండో చెంబు పోశారు, మూడోది పోశారు. మెడ అలాగే ఉంది.

"చాలు, తుడువుండ్రి" అన్నారెవరో.

"ఇంకొంచెం ఆగుండ్రి" అన్నాను.

"ఎందుకన్నా?" అంది చెల్లె.

నేను మెడ వైపే చూస్తున్నాను. ఇంకా నాలుగు నిమిషాలు కాలేదు.