చల్లని నక్షత్రం, పొడి విత్తనం

ఆ రోజుల్లో ఇరవై రెండేళ్ల కుర్రాడి చేతికి బీయస్సీ పట్టా వస్తే, తనకు తెలియనిది లోకంలో ఏదీ లేదనుకునేవాడు. ఎవరి సంగతో ఎందుకు, నా సంగతే చెబుతున్నాను. ధర్మవరంలో మగ్గం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి. తెగిన పట్టుపోగు అతకడం వచ్చుగానీ, విత్తనం ఎప్పుడు వేయాలో, ఎంత లోతున వేయాలో తెలియదు. అలాంటి నన్ను కుందుర్పి దగ్గర ఒక పల్లెకు సైన్సు అయ్యవారిగా వేశారు. ఆ ఏడు మృగశిర కార్తె చినుకు లేకుండానే వెళ్లిపోయి ఆరుద్ర వచ్చింది.

ఊరంతా ఆకాశం వంక చూస్తుంటే నేనూ పిల్లలకు ఆకాశం పాఠమే ఎత్తుకున్నాను. ఎప్సిలాన్ ఎరిడాని అనే నక్షత్రాన్ని నారింజ రంగు సుద్దతో నల్లబల్ల మీద గీశాను. మన సూర్యుడిలో ముప్పాతిక వంతు వెడల్పు, మూడో వంతు వెలుగు, పైన వేడి అయిదువేల డిగ్రీలు, అంటే సూర్యుడికన్నా చల్లన, దూరం పదిన్నర కాంతి సంవత్సరాలు, నక్షత్రాల లెక్కన ఇది దగ్గరే అన్నాను. (ఆ ‘చల్లన’, ‘దగ్గర’ అనే రెండు మాటలే నా కొంప ముంచాయి.)

సాయంత్రం మా ఇంటి యజమాని, ఊళ్లో అందరూ పెద్దన్న అని పిలిచే రైతు, నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

“ఏం సార్, సల్లని చుక్క ఒకటి దగ్గర్లోనే ఉండాదంట. మా పాప చెప్పింది. యాడ పొడుస్తాది అది?”

పాఠం ఇళ్లదాకా పాకిందని నాకు మహా సంబరం. “తెల్లవారుజామున తూర్పున, సూర్యుడికంటే ముందు,” అన్నాను.

“సల్లనిది ముందొస్తాంది, వేడిది ఎనకొస్తాంది,” అని ఆయన మిగతావాళ్లకు చెప్పి, నావైపు తిరిగాడు. “అట్లయితే విత్తొచ్చునా సార్?”

ఎక్కడ, ఏమిటి అని అడగకుండా, “ఓ, భేషుగ్గా,” అన్నాను.

మర్నాడు తెల్లారేసరికి ఊళ్లో విత్తనం వేసే గొర్రులన్నీ చేల దారి పట్టాయి. పొడి దుక్కిలో వేరుశనగ వేస్తున్నారనీ, పది రోజుల్లో వాన పడకపోతే విత్తనం భూమిలోనే మాడిపోతుందనీ బడి బంట్రోతు చెప్పాడు. “ఊరు ఊరంతా నీ మాట మీదనే పోతాండారు సార్,” అని కూడా చేర్చాడు. పరుగెత్తుకెళ్లి ఆపాల్సింది పోయి, అన్నం సహించక, బోడి ఆకాశం చూస్తూ, పారిపోదామని మడకశిర బస్సు ఎన్నింటికో రెండుసార్లు కనుక్కున్నాను. నిజం చెప్పే ధైర్యం రావడానికి మూడు రోజులు పట్టింది. అప్పటికి ఊళ్లో విత్తడం అయిపోయింది.

“పెద్దన్నా, ఆ చుక్కకూ మన వానకూ ఏ సంబంధమూ లేదు. అయిదువేల డిగ్రీలంటే ఇనుము కూడా ఆవిరైపోతుంది. తప్పు నాది,” అన్నాను.

పెద్దన్న గొర్రు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. “అది మాకు తెల్దా సార్. ఆరుద్రలో గూడా ఆగితే ఇంగ పంట యాడుంటాది? ఎట్లైనా విత్తాల్సిందే. ఏటా పంచాంగం సామి ఫలానా దినం విత్తండప్పా అని చెప్తాండె. వాన రాకుంటే ఆయన్ను తిట్టుకుంటాంటిమి. మొన్న ఎండాకాలం ఆయన పోయినాడు. తిట్టేకి ఒక మనిషి కావాల కదా సార్.”

వాన పద్దెనిమిదో రోజున పడింది. సగం విత్తనం మాడిపోయింది. ఆ చేల వెంట నడిచినప్పుడు నాకు ఏడుపొచ్చింది. టీ అంగట్లో నా ఎదురుగానే నన్నూ, నా చదువునూ కలిపి తిట్టారు, తిడుతూనే నాకూ ఒక టీ చెప్పారు. మరుసటి ఏడు మృగశిర దాటగానే పెద్దన్న మళ్లీ వచ్చి కూర్చున్నాడు. “నాకు తెలియదు పెద్దన్నా,” అని ఎంత మొత్తుకున్నా కదల్లేదు. చివరికి విత్తడానికి ఏదో ఒక రోజు చెప్పాను.

అలా నాలుగేళ్లు తిట్లు తిన్నాను. అయిదో ఏడు నాకు గార్లదిన్నె వైపు బదిలీ అయింది. అక్కడ నన్ను అంతా గౌరవంగా చూశారు, ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. మృగశిర వెళ్లిపోయిన రోజు మాత్రం, పెద్దన్న ఊళ్లో ఇప్పుడు ఎవర్ని తిట్టుకుంటున్నారో అని నాకు ఒకటే దిగులు.