చెప్పుల్లేని క్రిస్మస్ తాత

ఆ రోజుల్లో నాకు పొట్ట లేదు. ఇప్పటి నన్ను చూసినవాళ్ళు నమ్మరు గానీ, పన్నెండేళ్ళ కిందట నేను కరెంటు స్తంభానికి తోబుట్టువులా ఉండేవాణ్ణి. అంత పొడుగు, అంత సన్నం. పాండిచ్చేరిలో ముత్తియాల్‌పేటలో ఇల్లు, కరెంటాఫీసులో వైర్‌మ్యాన్ ఉద్యోగం, ఎనిమిదేళ్ళ కూతురు, అయిదేళ్ళ కొడుకు. అన్నీ తెలిసిపోయాయనుకునే వయసు. (తెలుగు అక్షరాలు నేను పెళ్ళయ్యాక నేర్చుకున్నవాణ్ణి. అంతవరకూ ఇంట్లో తెలుగు మాట్లాడడం, బడిలో తమిళం చదవడం, అంతే. చిత్తూరు వైపు నుంచి వచ్చిన మా ఆవిడ పలక పట్టించి దిద్దించింది. ఇందులో తప్పులుంటే ఆమెను అనండి.)

మా వీధిలో సగం ఇళ్ళు క్రైస్తవులవి, సగం మా హిందువులవి. డిసెంబరు వచ్చిందంటే మా వాకిళ్ళలో మార్గళి (మీ ధనుర్మాసం) ముగ్గులు, వాళ్ళ గుమ్మాలకు కాగితం నక్షత్రాలు. ఆ నక్షత్రాలన్నిటికీ వైరు లాగి బల్బు పెట్టే పని నాది, నిచ్చెన లేకుండా నాకు అందుతుంది కాబట్టి. పండగకు నాలుగు రోజుల ముందు, దీపాలు పెట్టే వేళకు పాటల గుంపు బయలుదేరుతుంది. ఒక డ్రమ్ము, ఒక గిటారు, ముందర ముసుగు పెట్టుకుని ఎగిరే క్రిస్మస్ తాత. నక్షత్రం ఉన్న ఇంటి ముందు ఆగి పాడి పిల్లలకు చాక్లెట్లు ఇస్తారు, లేని ఇల్లు దాటిపోతారు. అది చిన్నచూపు కాదు, వద్దనుకునేవాళ్ళను ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాద. వీధికంతా నక్షత్రాలు కట్టే నా ఇంటికి మాత్రం నక్షత్రం లేదు. కట్టాలని నాకు తోచనే లేదు.

ఈ మర్యాద పెద్దవాళ్ళకు తెలుసు. నాలుగేళ్ళ పిల్లవాడికి ఎట్లా తెలుస్తుంది? ఆ ముందటేడు తాత ఎదురింట్లో ఆడి, పక్కింట్లో ఆడి, మా గుమ్మంలో చేయి చాచి నిలబడ్డ మావాణ్ణి దాటి వెళ్ళిపోయాడు. మంచి పిల్లల ఇంటికే తాత వస్తాడని బడిలో మిస్ చెప్పి ఉంది. మంచి పిల్లలు పక్క తడపరని మా అమ్మ రోజూ పొద్దున చాప ఆరేస్తూ చెబుతూ ఉంది. (మా అమ్మ వీధికంతా అవ్వ కాబట్టి ఇక్కడా అవ్వ అనే రాస్తాను.) వాడు ఆ రెండూ కలిపి లెక్క తేల్చుకున్నాడు. "నేను తడుపుతాననే గదా నాయనా, తాత రాలా?" అని అడిగాడు. నవ్వలేక, ఏడవలేక, "కాదురా, తాతకు దారి తెలీలా" అన్నాను. వాడు నమ్మలేదు. పక్కింటికి దారి తెలిసినవాడికి మా ఇంటికి తెలియదంటే ఎవడు నమ్ముతాడు?

మరుసటి ఏడాది దీపావళి నుంచి వాడు యుద్ధం మొదలుపెట్టాడు. పొద్దుగూకాక నీళ్ళు ముట్టడు. పడుకునే ముందు తనంతట తానే మూడుసార్లు పెరట్లోకి వెళ్ళి వస్తాడు. చాప ఆరేయాల్సిన పని తప్పిందని అవ్వ కూడా ఆశ్చర్యపోయింది. ఇది చూశాక నా మనసు ఆగలేదు. ఏమైనా సరే, ఈసారి తాత మా ఇంటి ముందు ఆగాల్సిందే. లేకపోతే లోకంలో న్యాయం లేదని అయిదేళ్ళకే వాడికి తెలిసిపోతుంది. (నాకు పాతికేళ్ళకు తెలిసింది, ఉద్యోగంలో చేరాక.)

ఏటా తాత వేషం కట్టేది ఎదురింటి ఆటో మామ. తమిళాయన, మాతో సగం తెలుగు మాట్లాడతాడు. ఆరడుగుల మనిషి. ఆయన చెవిలో విషయం వేశాను. "అదేంది తంబి, ఇంత చిన్న మాటకు ఇంత గుసగుసా? స్టారు కట్టు, వచ్చేస్తా" అన్నాడు. స్టారు కొనుక్కొచ్చాను. అవ్వ దాని చుట్టూ తిరిగి చూసి, "ఇదేం నక్షత్రంరా, రోహిణా?" అంది. అవునన్నాను. రోహిణి అయితే మంచిదేనని ఒప్పుకుని, మర్నాడు దాని కిందకు సరిగ్గా వచ్చేట్టు పెద్ద ముగ్గు వేసింది.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ఆటో మామకు అమ్మవారు పోసింది. గుంపు బయలుదేరడానికి రెండు రోజులుందనగా, ఆ ఇంటి గుమ్మంలో నక్షత్రం కింద వేపకొమ్మ వేలాడింది. మామ గడప దగ్గరికి రాకుండా లోపలినుంచే అరిచాడు: "తంబీ, తాత డ్రెస్సు చర్చి పెట్టెలోనే వుంది, నేను ముట్టుకోలా. ఆరడుగుల డ్రెస్సు. ఈ వీధిలో ఆరడుగులోడు ఇంకెవుడు? నువ్వే!"

ఇక్కడ ఒక చిక్కుంది, ఇంతసేపూ చెప్పలేదు. నేను ఆ నెల అయ్యప్ప మాలలో ఉన్నాను. మొదటిసారి వేసుకున్న కన్నిసామిని. నడుముకు నల్ల వేష్టి, మెడలో తులసి మాల, పెరిగిన గడ్డం, రెండు పూటలా చన్నీళ్ళు, కాళ్ళకు చెప్పుల్లేవు. మాల వేసుకున్నవాణ్ణి ఇంట్లోవాళ్ళు కూడా సామి అనే పిలవాలి, తిట్టకూడదు. మా ఆవిడ సామీ అని పిలిచి మరీ తిట్టేది. తాత సంగతి వినగానే, "సామీ, మీకు బుద్ధుందా సామీ? కొండకు పోవాల్సినోళ్ళు ఎర్రకుల్లా పెట్టుకుని వీధిలో చిందులేస్తారా సామీ?" అని భక్తిగా కడిగేసింది. అవ్వకు మాత్రం చెప్పనేలేదు. చెబితే నాకు మాల వేసిన గురుస్వామినే ఇంటికి పిలిపించి ఉండేది.

అందుకని నేనే ముందు గురుస్వామి దగ్గరికి వెళ్ళాను. ఆయన మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన. అంతకుముందు డ్యూటీలో రబ్బరు బూట్ల గురించి అడిగితే, "కరెంటుకు భక్తి లేదప్పా, బూట్లు వెయ్యి" అని తీర్పు ఇచ్చినవాడు. ఈసారి కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. "కొండకు పోయే దారిలో ఎరుమేలిలో సామి ముందర ఒళ్ళంతా రంగులు పూసుకుని ఎగురుతాం గదా. ఆ వేషం తప్పుగాకుంటే తాత వేషం ఎట్లా తప్పయితాది? వేసుకో సామీ. లోపల నల్ల వేష్టి తియ్యొద్దు. కేకులో గుడ్డుంటాది, ముట్టొద్దు. బూట్లు మాత్రం కుదర్దు." నేను కరెంటు బూట్లు గుర్తుచేశాను. "కరెంటు వేరు. పిల్లోళ్ళకు భక్తి వుంటాది" అన్నాడు.

గుంపు బయలుదేరే సాయంత్రం చర్చి పెట్టెలోంచి వేషం తీశారు. నల్ల వేష్టి మీద ఎర్ర ప్యాంటు, పొట్టకు దిండు (అప్పట్లో అవసరం), మాల లోపలికి దోపి మీద ఎర్ర కోటు, ముఖానికి నవ్వుతున్న ప్లాస్టిక్ ముసుగు. ముసుగుకు దూది గడ్డం, లోపల నా గడ్డం. రెండు గడ్డాల మధ్య పుట్టిన దురద ఏ శాస్త్రంలోనూ రాసి ఉండదు. కింద మాత్రం రెండు వట్టి కాళ్ళు, అందులో ఎడమ బొటనవేలి గోరు నల్లగా. స్తంభం మీద పెట్టే ఇనప క్లాంపు ఆ మధ్య దాని మీదే పడింది. అవ్వకూ పిల్లలకూ డ్యూటీ ఉందని అబద్ధమాడి వచ్చాను. మాలలో అబద్ధం ఆడకూడదు. దీనికి గురుస్వామిని అడగలేదు, ఏమంటాడో తెలుసు కాబట్టి.

మొదటి ఇంట్లో బాగానే ఎగిరాను. రెండో ఇంట్లో పిల్లకు చాక్లెట్ ఇస్తూ నోటి అలవాటున "ఇందా సామీ" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. కేకు పట్టుకొచ్చిన ప్రతి ఇంట్లోనూ చేతులు అడ్డంగా ఊపుతుంటే, "ఈ ఏడాది తాతకు పొగరెక్కువైందే" అని ఒక ముసలామె తమిళంలో గొణిగింది. మూడో ఇంటి దగ్గర పిల్లలు కాకరపువ్వొత్తులు కాల్చి, కాలిన కడ్డీలు వాకిట్లో పడేశారు. ఎగిరి దిగిన కాలు ఎర్రగా ఉన్న కడ్డీ మీదే దిగింది. ప్రాణం జివ్వుమని, నాకు తెలియకుండానే "సామియే!" అని గావుకేక పెట్టాను. గుంపులో డ్రమ్ము వాయించేవాడు, వాడి పక్కవాడు మావాళ్ళ ఇళ్ళ కుర్రాళ్ళే. వాళ్ళూ వాళ్ళకు తెలియకుండానే "శరణమయ్యప్పా!" అని గొంతెత్తారు. ఒక్క క్షణం పాట ఆగింది. తరువాత గిటారు కుర్రాడు ఏమీ జరగనట్టు మళ్ళీ ఎత్తుకున్నాడు. మర్యాద అంటే అది.

కుంటుకుంటూ మా ఇంటికి చేరాం. రోహిణీ నక్షత్రం వెలుగుతోంది. గుమ్మంలో అవ్వ, మా ఆవిడ, కూతురు. అందరికంటే ముందు మావాడు. తలస్నానం చేయించి, పాపిడి తీసి, ముఖం నిండా పౌడరు రాశారు. నేను అలవాటైన చిందు మొదలుపెట్టబోయాను. వాడు చాక్లెట్ల సంచి వంక చూడనైనా చూడలేదు. రెండడుగులు ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు: "తాతా, నేను పక్క తడపలా. దీపావళి నుంచి ఒక్కనాడూ తడపలా. కావాలంటే అవ్వని అడుగు."

నాకు ఏడుపొచ్చింది. ఇందులో దాచేదేమీ లేదు. ముసుగు బయట తాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు, లోపల నేను ఏడుస్తున్నాను. తాత తమిళంలో బొంగురు గొంతుతో మాట్లాడాలని నేర్పించారు. అది గుర్తే రాలేదు. వంగి వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను. అంతే, వంగినప్పుడు కోటు గుండీల సందులోంచి తులసి మాల జారి బయటకొచ్చి వాడి ముక్కు ముందు వేలాడింది.

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ మాల చూసింది, కాళ్ళు చూసింది, ఆ నల్లగోరు చూసింది. ఆ వేలికి రోజూ పసుపు పెట్టి కట్టు కట్టిన చెయ్యి ఆమెదే. అయిపోయింది నా బతుకు అనుకున్నాను. మావాడు కూడా మాల చూశాడు, కాళ్ళు చూశాడు. కళ్ళు ఇంతింత చేసుకుని వెనక్కి తిరిగి వీధికంతా వినబడేట్టు అరిచాడు: "అక్కా! క్రిస్మస్ తాత గూడా మాలేసినాడే! చూడు, చెప్పుల్లేవు!"

మా కూతురు నా వేలి వంక చూసింది. ముసుగు కన్నాల్లోంచి నా కళ్ళలోకి చూసింది. తమ్ముడి వంక చూసింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఒక్క మాటతో అంతా కూల్చేయగలదు. "ఔన్రా" అంది నిదానంగా, "కన్నిసామి."

అవ్వ దణ్ణం పెట్టింది. కొడుకునని తెలిసి పెట్టిందో, మాలకు పెట్టిందో, తాతకు పెట్టిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "మాలేసినోళ్ళు గడపకొస్తే వట్టినే పంపకూడదు, కూర్చో సామీ" అని చాప వేసి, వేడి పాలు, రెండు అరటిపండ్లు తెచ్చింది. గుంపంతా వాకిట్లో నిలబడి చూస్తుండగా ముసుగు నోటి కన్నంలోంచి వేడి పాలు తాగాను. తాగినవాటిలో సగం దూది గడ్డం తాగింది. అవ్వ వేసిన శిక్ష అదేనని ఇప్పటికీ నా అనుమానం.

ముసుగూ వేషమూ పెట్టెలో పెట్టి ఇంటికి వచ్చేసరికి మావాడు వీధి మొదట్లో ఎదురొచ్చాడు. "నాయనసామీ, యాడికి పోయినావు? తాతొచ్చినాడు! నీ మాదిరే మాల! పాలు తాగినాడు! నన్ను వాటేసుకున్నాడు!" "అయ్యో, నేను చూడలేకపోతినే" అన్నాను. మా ఆవిడ వెనకనుంచి, "సామీ, కాలికి ఆ బొబ్బేంది సామీ? డ్యూటీలో కాలిందా సామీ?" అంది. కూతురు గోడ వైపు తిరిగి నవ్వుకుంది.

మరుసటేడు ఆటో మామ తేరుకుని, కొత్త నల్ల బూట్లు కొనుక్కుని ఆర్భాటంగా బయలుదేరాడు. మా వీధి పిల్లలు ఒప్పుకోలేదు. "బూట్లేసినోడు దొంగ తాత" అని ఒకటే ఏడుపు. వాళ్ళ నాయకుడు ఎవరో చెప్పక్కర్లేదు. పాపం మామ మూడో ఇంటి దగ్గర బూట్లు విప్పి డ్రమ్ము కుర్రాడి మెడలో వేశాడు. అప్పటినుంచి మా వీధిలో క్రిస్మస్ తాత చెప్పుల్లేకుండానే తిరుగుతాడు. ఎందుకని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే, పెద్దల కాలం నుంచీ అంతే అంటారు.

ఇప్పుడు దిండు లేకుండానే ఆ కోటు నాకు సరిపోతుంది, కానీ పిలిచేవాళ్ళు లేరు. ఆటో మామకు మోకాళ్ళు పట్టేశాయి. ఈ ఏడాది వేషం మావాడిది. పదిహేడేళ్ళు, నాకంటే రెండంగుళాలు పొడుగు. నిన్న సాయంత్రం గుంపు మా ఇంటి ముందు ఆగింది. మద్రాసులో చదువుకుంటున్న కూతురు సెలవులకు వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. తాత వట్టికాళ్ళతో ఎగిరి ఎగిరి, నా ముందుకొచ్చి చేతులు నడుముకు పెట్టుకుని బొంగురు గొంతుతో, "ఏందప్పా, ఈ ఏడాది పక్క తడపలేదు గదా?" అన్నాడు. వీధంతా గొల్లున నవ్వింది. కూతురైతే గడప మీద కూలబడి నవ్వింది.

"లేదు తాతా" అన్నాను చేతులు కట్టుకుని. "కావాలంటే అవ్వని అడుగు." లోపల గోడకు అవ్వ పటం ఉంది, మూడేళ్ళయింది పెట్టి. తాత అటు చూశాడు. తరువాత సంచిలో చెయ్యి పెట్టి నా అరచేతిలో రెండు చాక్లెట్లు పెట్టాడు. నాకు షుగరని తెలుసు, అయినా పెట్టాడు వెధవ. ఒకటి అక్కడే నోట్లో వేసుకుని, రెండోది తీసుకెళ్ళి పటం ముందర పెట్టాను.