వార్పు దిగనీ, పోదాం

మొన్న ఆదివారం మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ నన్ను పిలిచింది. ఎక్కడో మూతపడిన పిల్లల పార్కులోకి ఇద్దరు కుర్రాళ్లు గోడ దూకి వెళ్లారు. వీపున సంచులు, చేతిలో కెమెరాలు, గుసగుసలు. తుప్పుపట్టిన గుర్రం బొమ్మ కనబడితే చాలు, పులి ఎదురైనట్టు ఆగిపోతున్నారు. "ఇలాంటి చోట్లకు పోవాలంటే ఎంత ధైర్యం ఉండాలో కదమ్మా" అంది మా అమ్మాయి. నాకు ఒళ్లు మండింది. అలాంటి పార్కులో నేను పదకొండేళ్లప్పుడే తిరిగాను, తొంభైల్లో. వెంట అమ్మ, నాయన, చెల్లెలు, ఒక చిత్రాన్నం క్యారియర్. మేం పోయింది ధైర్యంతో కాదు, మా నాయన ఆలస్యం పుణ్యమా అని.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. ముందు గదిలో సగం మగ్గానిది, మిగిలిన సగం మాది. మగ్గానికి ఎక్కించే పొడవాటి పట్టుపోగుల వరుసను మావాళ్లు వార్పు అంటారు. ఒక వార్పుకు మూడు చీరలు దిగుతాయి. మూడో చీర కోశాక మగ్గం ఖాళీ అవుతుందని మీరనుకుంటే పొరపాటే. పాత వార్పు కొసల్ని అలాగే ఉంచి, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి, కొత్త వార్పును పోగు పోగునా వాటికి అతుకుతారు. వేల పోగులు. కోసిన గంటలోనే ఆ పని మొదలుకావాలి, మగ్గం బోసిగా ఉండకూడదు. అది నాయన పట్టింపు. అంటే మా ఇంట్లో వార్పు అయిపోవడమనేదే లేదు. ఆ సంగతి గ్రహించని పిచ్చిదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే. ఎందుకంటే ఏమడిగినా నాయన చెప్పేది ఒకటే మాట: "ఈ వార్పు దిగనీ పాపా, పోదాం."

నేనడిగింది పెద్ద కోరికేం కాదు. పెనుకొండ దగ్గర పెద్ద రోడ్డు పక్కన ఎవరో పిల్లల పార్కు పెట్టారు. అందులో బొమ్మరైలు ఉంది. హిందూపురంలో ఉండే మా మేనమామ కూతురు దాన్ని ఎక్కింది. ఆ ముక్క ఆవిడ పెళ్లిళ్లలో చెప్పింది, తిరణాలలో చెప్పింది, చివరకు మా అవ్వ దినాల్లో కూడా చెప్పింది. రైలు కూత ఎలా వేస్తుందో నోటితో వేసి చూపించేది. చింపిన టికెట్ ముక్కను పుస్తకంలో దాచుకుని, ముట్టుకోనిచ్చేది కాదు. నేను ఇంటికొచ్చి నాయన ప్రాణం తోడేసేదాన్ని. మూడో తరగతిలో అడిగాను, వార్పు దిగనీ. నాలుగులో అడిగాను, వార్పు దిగనీ. ఐదో తరగతికొచ్చేసరికి, ఆ రైల్లో నా మోకాళ్లు పడతాయో లేదోనన్న బెంగతో గోడకు గీతలు గీసి ఎత్తు కొలుచుకోవడం మొదలుపెట్టాను.

ఆరో తరగతి సెలవుల్లో ఒక పొద్దున నాయన మూడో చీర కోసి, మడిచి, ఉన్నట్టుండి "బయల్దేరండి" అన్నాడు. అమ్మ ఆయన వంకా మగ్గం వంకా చూసి, చిత్రాన్నం కలిపింది. బస్సులో నేను కిటికీ దగ్గర కూర్చుని, ఆ కూతను లోపల్లోపలే సాధన చేశాను. దిగి చూస్తే గేటుకు తాళం. తాళానికి సాలెగూడు. పక్కనే కూలిన గోడలోంచి గొర్రెలు నింపాదిగా లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. వాటిని మేపుకునే ముసలావిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, రైలెక్కను వచ్చినారా? మూసి రెండేండ్లాయ కదా!"

నాకు ఏడుపు రాలేదు. ఏడుపు కంటే పెద్దదేదో వచ్చింది. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "నీ వార్పు దిగేలోపల పార్కే మూతపడె. సంతోషమేనా?" అంది నాయనతో. ఆయన తల గోక్కుని, "వచ్చినాం కదా, చూసి పోదాం" అని గోడ సందులోంచి లోపలికి నడిచాడు. ఏం చూడాలి? ఏనుగు జారుడుబండ ఉంది, తొండం లేదు. రంగులరాట్నం ఉంది, తొట్లు లేవు. సిమెంటు కుందేలు నోరు తెరుచుకుని 'చెత్త ఇక్కడ వేయండి' అంటోంది, దాని నోట్లో పిచ్చుకలు గూడు పెట్టాయి. మా చెల్లెలికి ఇవన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆరేళ్లది, దానికేం తెలుసు! తంగేడు పొదల వెనక, గుండ్రటి పట్టాల మీద రైలు కనబడింది. ఇంజన్‌లో మోటారు ఎవరో పీక్కుపోయారు. అదీ, మూడు పెట్టెలూ పట్టాల పక్కకు ఒరిగిపోయాయి, చివరి పెట్టె ఒక్కటే పట్టాల మీద తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది.

నాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి చక్రాలు తట్టి చూశాడు. మా జడలు దువ్వడానికని అమ్మ సంచిలో తెచ్చిన కొబ్బరినూనె సీసా లాక్కుని, అమ్మ వద్దంటున్నా వినకుండా మొత్తం ఆ పెట్టె చక్రాలకు పోసేశాడు. కొక్కెం ఊడగొట్టి, భుజం ఆనించి తోశాడు. ఊరంతా వినబడేలా కీచుమంటూ అది కదిలింది. చెల్లెలు ఎగిరి కూర్చుంది. ఒకటిన్నర చుట్లు తిప్పాడు. అది కేకలు, నవ్వులు. నాయన చొక్కా వీపున తడిసి ముద్దయింది.

"నువ్వూ ఎక్కు పాపా" అన్నాడు, ఆయాసపడుతూ.

"నాకొద్దు."

"ఎక్కమ్మా, మెల్లగా తోస్తా."

"ఇది రైలా? తోపుడుబండి!" అన్నాను. కూత లేదు, టికెట్ లేదు. మూడేళ్లు ఎదురుచూసింది దీని కోసమా? ఆయన చెల్లెల్ని దింపి, ఎవరూ లేని పెట్టెనే అర చుట్టు తోసి, మొదట ఉన్న చోట నిలబెట్టి, చేతులు దులుపుకుని వచ్చాడు. చిత్రాన్నం తిన్నాం. నూనె వాసన వేసింది.

తిరుగు బస్సులో నాయన నిద్రపోయాక అమ్మ నా చెవి దగ్గర గట్టిగానే అంది: "మూతి ముడుచుకుంది చాలు. అతకకుండా, మగ్గం బోసిగా పెట్టి వచ్చినాడు మీ నాయన. నా పెండ్లయినప్పటి నుంచీ ఇదే మొదలు." నేను కిటికీ వైపు తిరిగాను. వెనక్కి పోయి ఎక్కుదామన్నా అప్పటికే ధర్మవరం పొలిమేర బోర్డు కనబడుతోంది. నా మీద నాకే చిరాకు పుట్టడం ఆ రోజే మొదలు, ఇంతవరకూ ఆగలేదు.

ఇదంతా విన్న మా అమ్మాయి ఊరుకుంటుందా! అప్పటికప్పుడు తాతకు ఫోను చేసి స్పీకర్ పెట్టింది. కళ్లు ఆనక నాయన మగ్గం మానేసి చాలా ఏళ్లయింది, గొంతు మాత్రం అదే.

"పెనుగొండ కాడ పార్కా? యాల మర్చిపోతా! మీ పిన్నమ్మ చిన్నది, బయపడి ఎక్కనే లేదు. మీయమ్మను కూకోబెట్టి మూడు సుట్లు తోసినా. ఎంత నగిందో అడుగు!"

మా అమ్మాయి నా వంక చూసింది. నేను ఫోను దగ్గరికి వంగి, "అవును నాయనా, మూడు సుట్లు" అన్నాను. ఆయన అవతల నవ్వుతూనే ఉన్నాడు.

కాలానికి ఇంత పక్షపాతం ఎందుకో నాకర్థం కాదు. మా నాయనకు ఆ రోజును నాతో సహా మళ్లీ నేసి ఇచ్చింది, నాకు మాత్రం ఇన్నేళ్లుగా ఆ ఖాళీ పెట్టెనే అర చుట్టు తోసి చూపిస్తోంది.