కిడ్నీ కాదు కదా

ఇంటింటా కిడ్నీ రోగులున్న ఉద్దానంలో మనిషికి ఏ జబ్బు చేసినా ముందు అడిగేది క్రియాటినిన్ ఎంత అని. నీలకంఠం ఎడమ కంటి కింది రెప్ప అంచున మినపగింజంత గడ్డ లేచినప్పుడు, పలాస డయాలసిస్ కేంద్రం బయట బెంచీ మీద కూర్చునేవాళ్లు అదే అడిగారు. పరీక్షలో అంతా బాగానే ఉందన్నాడు.

"కిడ్నీ కాదు కదా, మరింకేటి? కంటికురుపుకి కూడా మొకం ఏలాడేత్తావేటి?" అని నవ్వారు. అతనూ నవ్వాడు.

అతని భార్య కృష్ణవేణికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు ఆమెను బండి మీద పలాస తీసుకెళ్లడం, బయట కూర్చోవడం, తీసుకురావడం. మిగిలిన రోజుల్లో జీడితోట. పిల్లలు లేరు. పక్కింట్లో తమ్ముడు చిట్టిబాబు ఉన్నాడు, ఉన్నా లేనట్టే. తిత్లీ తుపానుకి ఇద్దరి తోటల మధ్య గట్టు మీది జీడిచెట్టు కూలితే, నాదంటే నాదని అన్నదమ్ములు కొట్టుకోబోయారు. చెట్టు ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. మాటలు మాత్రం మళ్లీ కలవలేదు.

కురుపుని కాశీబుగ్గలో కోయించాడు. మళ్లీ లేచింది. రెప్పవెంట్రుకలు రాలిపోయాయి. టెక్కలిలో పనుందని భార్యకి చెప్పి విశాఖ కంటాసుపత్రికి వెళ్లాడు. ముక్క తీసి పరీక్షకు పంపారు. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ కేన్సర్ అని చెప్పింది. కింది రెప్ప తీసేసి, పైరెప్ప లోపలి పొరతో కొత్తది కడతామంది. ఇప్పుడైతే కన్ను దక్కుతుంది, ఆలస్యమైతే చెప్పలేనంది.

"కన్ను మూసి కుట్లేస్తాం. నెలన్నర దాకా తెరవం."

"మరి బండి?"

"ముట్టుకోకూడదు."

"మా ఆడమనిషిని డయాలసిస్‌కి తీసుకెల్లాలమ్మా."

"ఇంకెవరూ లేరా?"

"ఎవులూ నేరు" అన్నాడు నీలకంఠం.

తోటలో జీడిపిక్కలు ఏరడం అయ్యాక చూద్దామనుకున్నాడు. పిక్కల కాలం అయింది, వానలూ పడ్డాయి. ఆ కంటికి తువ్వాలు అడ్డం కట్టుకుని బండి తోలేవాడు. అడిగినవాళ్లకి పిక్కల్లోని జీడి చింది పొక్కిందనేవాడు. మా దగ్గర ఆ మాటని ఎవరూ అనుమానించరు.

ఒకరోజు పలాస నుంచి తిరిగొస్తూ, కృష్ణవేణి తన చేతి మీద రక్తం చూసుకుంది.

"మావా, ఆపు! కట్టు ఊడినాది!"

ఆపాడు. సూదులు తీసిన చోట కట్టు పొడిగానే ఉంది. రక్తం చీర భుజం మీద కూడా ఉంది. ఆమె మొగుడి మొహం తన వైపు తిప్పుకుంది. తువ్వాలు తడిసి, అందులోంచి కారేది గాలికి వెనక్కి చిందింది.

"ఏటిది?"

"జీడి..."

"నా కాడ కూడా జీడేనా? నిజం సెప్పు."

రోడ్డు పక్కనే నిలబడి చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టింది. "నన్ను మొయ్యడానికని కన్ను కుళ్లబెట్టుకున్నావా? నువ్వు ఆసుపత్రికి ఎల్తేగానీ నాను డయాలసిస్ మంచం ఎక్కను. సత్తే సత్తాను."

ఊరు చేరగానే తిన్నగా చిట్టిబాబు గుమ్మంలోకి వెళ్లింది. అతను అన్నం చేత్తోనే లేచొచ్చి అంతా విన్నాడు.

"నాను తీసుకెల్తాను వదినా. పిక్కల ముందే సెప్తే అప్పుడే తీసుకెల్దును. ఆడికి నోరు నేదేటి?"

"నీకు మాత్తరం ఉన్నాదేటి?"



నీలకంఠానికి తోడు చిట్టిబాబు కొడుకు లోకేష్ వెళ్లాడు. విశాఖలో స్కాన్ తీశారు. జబ్బు రెప్ప దాటి కంటి వెనక్కి పాకింది. రెప్పలతో సహా కన్నంతా తీసేసి, తొడ చర్మం తెచ్చి గుంటలో పరిచారు. కట్టు మార్చేటప్పుడు అద్దం ఇమ్మంటే నర్సు ఇవ్వలేదు. చేత్తో తడుముకోబోతే ఆ చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లు కొబ్బరిబోండాలు తెచ్చారు. "పోన్లే, ఓ కన్నున్నాది. కిడ్నీ కాదు కదా" అన్నారు. ఓదార్పనుకునే అన్నారు. ఇన్ని చావులు చూసిన ఊళ్లో మిగతా జబ్బులకి విలువ లేదు.

మర్నాడు డయాలసిస్. చిట్టిబాబు బండి తెచ్చి వాకిట్లో ఆపాడు. కృష్ణవేణి వెనక కూర్చుంది. నీలకంఠం గుమ్మం దిగబోయి మెట్టు అందక తడబడ్డాడు. స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"నెమ్మదిగా తోల్రా. రోడ్డంతా గోతులు."

తుపాను తర్వాత తమ్ముడితో అతను అన్న మొదటి మాట అదే.

చిట్టిబాబు తల తిప్పలేదు. "ఈ మాట పిక్కల ముందు అనాల్సింది, అన్నియ్యా" అని కిక్ కొట్టాడు. బండి అందుకోలేదు. మళ్లీ కొట్టాడు.